ఊపిరి జట్టు

“ఇంకొంచెం ఊదండి. ఆపకండి... ఆపకండి... ఆ, చాలు.”

డాక్టర్ తాహెరా గాజుగొట్టాన్ని సన్యాసిరావు పెదవుల దగ్గర్నుంచి తీసుకుని యంత్రం వైపు తిరిగింది. యంత్రం ఇంట్లో బట్టలు ఉతికే మెషీన్ అంత ఉంది. ముందువైపు పెద్ద స్క్రీన్, దాని మీద భారతదేశ పటం. సన్యాసిరావు ఊపిరి లోపలికి వెళ్ళిన కాసేపటికి విశాఖపట్నం దగ్గర ఒక పచ్చచుక్క వెలిగింది. దాని పక్కనే ఇంకొకటి. అది అతని భార్య కనకమహాలక్ష్మిది. ఆవిడ అప్పటికే ఊదేసి కుర్చీలో కూర్చుంది. తర్వాత పటం మీద ఎక్కడెక్కడో చుక్కలు వెలగసాగాయి. స్క్రీన్ మీద ఊళ్ళ పేర్లు లేవు. అయినా చుక్క వెలిగినప్పుడల్లా ఆవిడ మెల్లగా చెబుతూనే ఉంది. కోరాపుట్, జోర్హాట్, నాసిక్, కచ్, మధురై...

తాహెరా ఆశ్చర్యంగా చూసింది. “టీచర్ అమ్మా, మా ఆవిడ,” అన్నాడు సన్యాసిరావు గర్వంగా.

అది విశాఖ రేవులో టగ్ బోట్లు తమంతట తాము నడవడం నేర్చుకున్న కాలం. సముద్రంలోంచి వచ్చే పెద్ద ఓడల్ని తాళ్ళు కట్టి రేవులోకి జాగ్రత్తగా లాక్కొచ్చే బోట్లవి. సన్యాసిరావు అలాంటి బోటుకి సరంగు. గాలి ఎటు తిరుగుతుందో చెంప మీద తెలుసుకుని చక్రం తిప్పే మనిషి. ఇప్పుడు ఆ పని కంప్యూటర్లు చేస్తున్నాయి. రేవు వాళ్ళు అతనికి శాలువా కప్పి, దండ వేసి, ఫొటో తీసి, పదవీ విరమణ వయసు రాకముందే ఇంటికి పంపేశారు. శాలువాతో పాటు పెన్షన్ వచ్చింది గానీ, ఉద్యోగంతో ఉన్న హెల్త్ ఇన్సూరెన్స్ ఆ రోజుతో ఆగిపోయింది.

పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన వైద్య పథకం అరవై అయిదో ఏట గానీ మొదలవదు. ఉద్యోగం పోయిన రోజుకీ ఆ రోజుకీ మధ్య బోలెడు కాలం ఉంది. రాష్ట్రం ఇచ్చిన కార్డు ఒకటి ఉంది గానీ, అది రాష్ట్రం సరిహద్దు దాటితే పనికిరాదు. సరిహద్దు దాటడమే కదా కనకం కోరిక.

ఆవిడ ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేది. సుద్దముక్క పైకెత్తకుండా ఒకే గీతలో బోర్డు మీద దేశమంతా గీసేది. కచ్ దగ్గర ఆ గీత కొంచెం వంకర తిరిగితే చాలు, తుడిచి మళ్ళీ గీసేది. అన్నేళ్ళు ఎడారులూ, టీతోటలూ, ఉప్పుమళ్ళూ పాఠాలుగా చెప్పిన మనిషి ఉత్తరాన ఇచ్ఛాపురం దాటలేదు. రేవులో మొగుడికి షిఫ్టులు, సెలవులు దొరికేవి కావు. పిల్లలు లేరు. రిటైరయ్యాక ఇద్దరం రైలెక్కి ఊరూరూ తిరుగుదామని పెళ్ళయిన కొత్తలోనే అనుకున్నారు.

తీరా తీరిక దొరికేసరికి గుండె అడ్డొచ్చింది. కొన్నేళ్ళ కిందట కనకం గుండెలో ఒక కవాటం పాడైతే బాగుచేశారు. ఎక్కడికైనా వెళ్ళొచ్చనీ, ఊపిరి అందకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా దగ్గర్లో ఉన్న పెద్ద ఆస్పత్రికి వెళ్ళాలనీ గుండె డాక్టరు చెప్పాడు. అంటే ఏ ఊరికి వెళ్తే ఆ ఊళ్ళో చెల్లే ఇన్సూరెన్స్ కావాలి. సన్యాసిరావు తిరగని కంపెనీ లేదు. కవాటం అన్న మాట వినగానే కొందరు మర్యాదగా ఫోన్ పెట్టేశారు. ఇస్తామన్నవాళ్ళు అడిగిన ప్రీమియం కడితే పెన్షన్‌లో కూరగాయలకి కూడా మిగలదు.

కనకం సూట్‌కేస్ తీసి అటక మీద పెట్టేసింది. “ఈ వయసులో ఎక్కడికి వెళ్తాం లెండి,” అంది. ఆ ‘లెండి’ అన్న మాట సన్యాసిరావుని ముల్లులా గుచ్చింది. అప్పుడే అతనికి యూనివర్సిటీలో జరుగుతున్న ఒక ప్రయోగం గురించి తెలిసింది. ఉద్యోగం ముందే పోయి, ప్రభుత్వ పథకం వయసు రానివాళ్ళు కావాలని ప్రకటన. భార్యని వెంటబెట్టుకుని వెళ్ళాడు.

తాహెరాది గుంటూరు. గణితం చదివి వైద్యం వైపు వచ్చింది. తన యంత్రం గురించి ఆవిడ వాళ్ళిద్దరికీ చెప్పిన తీరు ఇది.

“ఇన్సూరెన్స్ అంటే అందరం కలిసి ఒక కుండలో తలా కాసిని నీళ్ళు పోయడం. దాహం వేసినవాళ్ళు తాగుతారు. ఒక్కొక్కరికి ఒక్కోసారి దాహం వేస్తే చిన్న కుండ చాలు. అందరికీ ఒకేసారి వేస్తేనే చిక్కు. అప్పుడు చాలా పెద్ద కుండ కావాలి. దాని ఖర్చే మీ ప్రీమియం.”

ఒకే ఊరి జనం ఒకే గాలి పీలుస్తారు, ఒకే రకం తిండి తింటారు, ఒకే రకం పనులు చేస్తారు. అందుకే జబ్బులు కూడా కలిసే వస్తాయి. తాహెరా కనిపెట్టిందేమిటంటే, మనిషి ఊపిరిలో ఉండే సూక్ష్మమైన వాయువుల్ని బట్టి ఆ ఒంట్లో ఏ భాగం బలహీనంగా ఉందో, ఏ కాలంలో మొరాయిస్తుందో ముందే చెప్పవచ్చు. యంత్రం దేశం నలుమూలల నుంచీ నలభై మందిని ఏరి ఒక జట్టు చేస్తుంది. ఒకరికి కష్టకాలం మరొకరికి మంచికాలం అయ్యేలా, ఒకరి బలహీనత ఇంకొకరికి లేకుండా చూస్తుంది. అప్పుడు చిన్న కుండ సరిపోతుంది. పైగా జట్టే దేశమంతా పరుచుకుని ఉంది కాబట్టి కార్డు కూడా దేశమంతా చెల్లుతుంది.

కనకం అనుమానంగా అడిగింది. “బాగుచేసిన గుండె నాది. నన్నెవరు చేర్చుకుంటారమ్మా?”

“మీ కవాటానికి చలికాలం గడ్డుకాలం అని మీ ఊపిరి చెబుతోంది. చలికాలంలో రాయిలా ఉండి ఎండాకాలంలో నలిగిపోయేవాళ్ళు దేశంలో ఎందరో ఉన్నారు. వాళ్ళకి మీరు కావాలి,” అంది తాహెరా.

తను ఎవరికో కావలసిన మనిషినన్న మాట కనకం చాలాకాలం తర్వాత విన్నది. బస్సులో ఇంటికి వెళ్తున్నంత సేపూ కిటికీలోంచి చూస్తూ నవ్వుకుంటూనే ఉంది.

ప్రీమియం మరీ తగ్గాలని తాహెరా ఒక చిన్న నిబంధన కూడా పెట్టింది. దొంగ బిల్లులు పట్టుకోవడానికి కంపెనీలు ఇన్‌స్పెక్టర్లని పెట్టుకుంటాయి, వాళ్ళ జీతాలు మనమే కడతాం. దానికి బదులుగా, జట్టులో ఎవరైనా ఆస్పత్రిలో చేరితే, వాళ్ళకి దగ్గర్లో ఉన్న జట్టు మనిషి వెళ్ళి కళ్ళారా చూసి, ఫోన్‌లో ‘చూశాను’ అన్న మీట నొక్కాలి. దానికి ఆవిడ ‘పలకరింపు’ అని పేరు పెట్టింది. రైలు ఛార్జీ కుండలోంచే వస్తుంది. లెక్కల్లో అది చాలా చిన్న విషయం కాబట్టి తాహెరా దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

మొదటి పలకరింపు సన్యాసిరావుకే పడింది. కోరాపుట్‌లో గణపతి సాహు అనే ఆయన కాఫీతోట గట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. మొగుడూ పెళ్ళాం అరకు మీదుగా వెళ్ళే రైలెక్కారు. సొరంగాలు దాటాక స్టేషన్ల బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా మారిపోయాయి. కనకం కిటికీ ఊచలు పట్టుకుని ఆ ఒడియా అక్షరాల్ని చూసింది. సరిహద్దు దాటామని మొగుడి భుజం తట్టి చూపించింది.

మీట నొక్కేసి తిరుగు రైలుకి వచ్చేయాలని అనుకున్నారు. సాహుకి తెలుగు బాగానే వచ్చు. అంత దూరం నుంచి వచ్చి అన్నం తినకుండా వెళ్తే ఆస్పత్రి మంచం దిగి వస్తానని పట్టుబట్టాడు. అతని భార్య వాళ్ళని ఇంటికి తీసుకెళ్ళి వేడివేడి అన్నంలో వెదురుకొమ్ముల కూర వడ్డించింది. మూడు రోజులు కదలనివ్వలేదు. తిరిగొచ్చిన సాయంత్రం కనకం కుర్చీ వేసుకుని అటక మీంచి సూట్‌కేస్ తనే దించింది.

అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. నాసిక్‌లో ద్రాక్షతోటలు చూశారు, జోర్హాట్‌లో టీ ఫ్యాక్టరీ వాసన పీల్చారు. ఎక్కడికి వెళ్ళినా జట్టు మనిషి ఒకరు స్టేషన్‌కి వచ్చేవారు. ఆస్పత్రి అవసరం రాలేదు గానీ, కార్డు జేబులో ఉందన్న ధైర్యంతో సన్యాసిరావు రైల్లో హాయిగా గుర్రు పెట్టి నిద్రపోయేవాడు.

చలికాలంలో కచ్ వెళ్తానంది కనకం. అది నీకు గడ్డుకాలమని చెప్పి సన్యాసిరావు వెనకాడాడు. తెల్ల ఉప్పు ఎడారి ఎండి కనిపించేది అప్పుడేననీ, వానాకాలంలో వెళ్తే నీళ్ళే ఉంటాయనీ, పిల్లలకి అన్నేళ్ళు చెప్పింది తనేననీ ఆవిడ వాదించింది. వెళ్ళారు. కనుచూపు మేర తెల్లగా, ఆకాశం అంచు దాకా ఉప్పు. కనకం చెప్పులు విడిచి దాని మీద నడిచింది. ఒక పలుకు తీసి నాలిక మీద వేసుకుని, ఉప్పగానే ఉందని మొగుడికి చెప్పి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆయాసం మొదలైంది. పెదాలు నీలంగా మారాయి.

భుజ్ ఆస్పత్రికి చేరేసరికి ఆవిడ మాట్లాడలేని స్థితిలో ఉంది. కౌంటర్‌లో అమ్మాయి కార్డు తీసుకుని మెషీన్ మీద ఆనించింది, పచ్చదీపం వెలిగింది. అంతే, స్ట్రెచర్ లోపలికి వెళ్ళిపోయింది. కవాటం మళ్ళీ వదులైందనీ, ఛాతీ కోయకుండా తొడ దగ్గర రక్తనాళంలోంచి వెళ్ళి సరిచేస్తామనీ డాక్టర్లు చెప్పారు. తుఫానుల్లో ఓడల్ని లాక్కొచ్చిన సన్యాసిరావుకి అక్కడ చెయ్యడానికి ఏమీ లేదు. నడవాలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ ఊళ్ళో తనకి ఎవరూ లేరనుకున్నాడు.

అప్పుడొచ్చింది జీవీబెన్. ఉప్పుమళ్ళలో పనిచేసి, యంత్రాలు వచ్చాక పని పోయిన మనిషి. నల్ల ఓణీ, కాళ్ళకి వెండి కడియాలు, నడిచినంత దూరం నేల మీద ఉప్పు ధూళి. జట్టులో కచ్ చుక్క ఆవిడదే. సన్యాసిరావుకి గుజరాతీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఆవిడ మాటల్ని ఫోన్ తెలుగులోకి మార్చి చదివింది.

“వచ్చి చూసి మీట నొక్కమన్నారు, నొక్కేశాను. పని అయిపోయింది గానీ వెళ్ళాలని లేదు. ఉంటాను, అన్నా.”

తర్వాత ఫోన్ సంచిలో పెట్టేసి, ఎక్కణ్ణుంచో టీ తెచ్చి, సాసర్‌లో పోసి అతని చేతికిచ్చింది.

కనకం కళ్ళు తెరిచేసరికి ఎవరో తెలియని ఆడమనిషి కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు రుద్దుతోంది. అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. కనకం తెలుగులో ఏదో అంది, ఆవిడ గుజరాతీలో ఏదో చెప్పింది. ఇద్దరూ తలలూపుకున్నారు. ఆస్పత్రి నుంచి పంపించాక జీవీబెన్ ఇంట్లోనే నెల్లాళ్ళున్నారు. అప్పటికి కనకానికి సజ్జరొట్టె గుండ్రంగా తట్టడం వచ్చేసింది.

ఆ సంగతి జట్టంతా తెలిసింది. కనకం ఎలా ఉందో చూడాలని రోజూ పొద్దున్నే అందరూ వీడియో కాల్‌లోకి వచ్చేవారు. ఆవిడ కోలుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. నలభై మందీ ఎవరి ఊళ్ళో వాళ్ళు ఫోన్లు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ ఒకేసారి నడిచేవారు. ఎండలు ముదిరితే జీవీబెన్ విశాఖ వచ్చేసి, సముద్రపు గాలికి కనకం వాళ్ళ ఫ్లాట్ బాల్కనీలో పడుకుని, పొద్దున్నే రాగి అంబలి తాగేది. సాహు కూతురి పెళ్ళికి దేశమంతా కోరాపుట్‌లో దిగింది.

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఏడాదికోసారి అందరూ దగ్గర్లోని కేంద్రానికి వెళ్ళి ఊపిరి ఊదాలి. ఈసారి జట్టు మొత్తం ఊదాక తాహెరా స్క్రీన్ ఎర్రగా మారింది. యంత్రం చెడిందేమోనని రెండుసార్లు పరీక్షించింది. చెడలేదు. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి కబురొచ్చింది. ఆ జట్టు తూకం తప్పింది, ప్రీమియం బాగా పెంచాలి, లేదా వాళ్ళు కలుసుకోవడం మానాలి.

తాహెరా సన్యాసిరావుని, కనకాన్ని పిలిపించింది. ఎలా చెప్పాలో తెలియక ముందు కాఫీ తెప్పించింది. తర్వాత కంపెనీ మాట ఉన్నదున్నట్టు చెప్పి, కారణం వివరించింది.

“ఒకేసారి దాహం వెయ్యనివాళ్ళని ఏరి మీ జట్టు కట్టాను. ఇప్పుడు మీరంతా ఒకే వేళకి లేస్తున్నారు, ఒకరి తిండి ఒకరు తింటున్నారు. అంతవరకూ ఫర్వాలేదు. కిందటి నెలలో జీవీబెన్‌కి వారం రోజులు జ్వరం వచ్చింది. ఆ వారం జట్టులో అందరికీ బీపీ పెరిగిందని మీ ఊపిరే చెబుతోంది. సగం మందికి నిద్ర లేదు. ఒకరికి జబ్బు చేస్తే నలభై మందికీ చేస్తోంది.”

“పెరగదేటమ్మా మరి,” అన్నాడు సన్యాసిరావు నెమ్మదిగా. “జ్వరం నూట మూడు దాకా పోయింది.”

తాహెరా నవ్వబోయి ఆపుకుంది. తన యంత్రం పరాయివాళ్ళతోనే పనిచేస్తుంది. పరాయివాళ్ళని పలకరించమని నిబంధన పెట్టింది తనే. ఆ నిబంధన తీసేద్దామని లెక్క వేసి చూసింది. ఇన్‌స్పెక్టర్లని పెట్టుకుంటే ప్రీమియం ఇంకా పెరుగుతుంది. ఇక మిగిలింది ఒకటే దారి. జట్టుని విడదీసి, ఒక్కొక్కరినీ కొత్త జట్లలో, ముఖం తెలియని మనుషుల మధ్య చేర్చాలి. మొగుడూ పెళ్ళాలు మాత్రం ఒకే జట్టులో ఉండొచ్చు. అలా అయితే ప్రీమియం పాతదే ఉంటుంది. ఈ మాట చెప్పి ఆవిడ తల వంచుకుంది. కనకం ఏడుస్తుందేమోనని భయపడింది.

కనకం కాఫీ గ్లాసు కింద పెట్టింది. పాత జట్టు వాళ్ళతో మాట్లాడకూడదన్న నిబంధన ఏమైనా ఉందా అని అడిగింది. లేదంది తాహెరా.

“కొత్త జట్టులో కూడా పలకరింపు ఉంటుందా?”

“ఉంటుంది.”

“అయితే విడదీసెయ్యండమ్మా,” అంది కనకం. “జీవీబెన్ ఎక్కడికీ పోదు. వేసవికి వస్తానని ఇప్పటికే టికెట్ తీసుకుంది. ఇంకో ముప్ఫై ఎనిమిది మందిని ఇస్తానంటే వద్దంటామా?”

తాహెరా ఇక ఆపుకోలేదు, గట్టిగా నవ్వింది. నవ్వుతూనే ఆలోచించింది. ఈ ముప్ఫై ఎనిమిది మంది కూడా రెండేళ్ళలో వీళ్ళకి అయినవాళ్ళయిపోతారు. మళ్ళీ స్క్రీన్ ఎర్రబడుతుంది, మళ్ళీ విడదీయాలి. కంపెనీ వాళ్ళకి అదే రాసింది. ఈ యంత్రం పరాయివాళ్ళతో నడుస్తుందనీ, నడిచే కొద్దీ పరాయివాళ్ళని ఖర్చు చేసేస్తుందనీ, దేశంలో వాళ్ళ నిల్వ ఇంకా చాలా ఉంది కాబట్టి ప్రస్తుతానికి కంగారు లేదనీ రాసింది.

కొత్త జట్టు తయారైంది. జట్టులో ఎవరెవరున్నారో పేర్లే చెబుతారు. ఇల్లెక్కడో పలకరింపు పడినప్పుడు గానీ తెలియదు. ఈసారి ఏ ఊరు పడుతుందోనని కనకం మొగుడితో రోజూ పందెం వేసేది. దగ్గరివాళ్ళకే పడుతుందని తెలిసినా, లడఖ్ అని ఆవిడ, అండమాన్ అని అతను. దళసరి స్వెట్టర్ ఒకటి కొని సూట్‌కేస్‌లో పెట్టింది కూడా.

ఒక ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. మునిరత్నం అనే ఆయనకి రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది, చూసి రావాలి. కనకం కళ్ళజోడు పెట్టుకుని ఆస్పత్రి పేరు చదివింది. విశాఖపట్నమే. తర్వాత ఆయన ఇంటి చిరునామా చదివింది. ఇంకోసారి చదివి, ఫోన్ మొగుడి చేతికిచ్చి, బాల్కనీలోకి వెళ్ళి పైకి చూసింది. పై అంతస్తు బాల్కనీలో ఒక తువ్వాలు ఆరుతోంది. ఆ తువ్వాలుని ఆవిడ ఏడాదిగా చూస్తోంది. మనిషిని ఎప్పుడూ చూడలేదు. వీళ్ళు ఊళ్ళు తిరుగుతున్న రోజుల్లో ఎప్పుడో వచ్చి చేరాడు కాబోలు.

అనుమానం తీరక సన్యాసిరావు తాహెరాకి ఫోన్ చేశాడు. పొరపాటేమీ లేదని ఆవిడ చెప్పింది. ఆయన గడప దాటడట, ఎవరితోనూ మాట్లాడడట, రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటాడట, చప్పిడి తిండి తింటాడట. దేశమంతా తిరిగిన వీళ్ళకి బొత్తిగా పోలిక లేని మనిషి కోసం యంత్రం దేశమంతా వెతికితే, పైఫ్లాట్‌లో దొరికాడు.

కనకం క్యారేజీ సర్దింది. ఇద్దరూ సిటీబస్సు ఎక్కి ఆస్పత్రికి వెళ్ళారు. మునిరత్నం రెండు కళ్ళకీ కట్టుతో, మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. మనిషి సన్నగా ఉన్నాడు, మాట చిత్తూరు వైపుది. జట్టు వాళ్ళం వచ్చామని చెప్పగానే కంగారుపడి లేవబోయాడు. తన కోసం ఎవరైనా వస్తారని అతను అనుకున్నట్టు లేదు.

“నాకోసరం శానా దూరం వచ్చినట్టుండారు,” అన్నాడు గొంతు తగ్గించి. “యాడనించి సార్?”

సన్యాసిరావు స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చుని, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

“కింది ఫ్లాట్ నుంచి, బాబూ.”